క్లచ్చి అరిగింది: జీపు అమ్మాలా, బాగుచేయించాలా?



ఈసారి గోడపత్రికకి సైన్సు విషయం ఏదైనా రాయమన్నారు. మన క్లాసులో కొందరు చంద్రయాన్ గురించి, కొందరు పాముల గురించి రాస్తున్నారు. నేను మా జీపు క్లచ్చి గురించి రాస్తున్నాను. నవ్వకండి. 2025 దసరా సెలవుల్లో మా ఇంట్లో అన్నం తిన్నా, పడుకున్నా ఈ క్లచ్చి మాటే. మన హాస్టల్లో చాలామంది ఇళ్ళల్లో ఆటోలో, ట్రాక్టర్లో, మోటారు సైకిళ్ళో ఉన్నాయి. అవి పాతబడినప్పుడు మీ ఇంట్లో కూడా ఇదే గొడవ వస్తుంది. అందుకని నేను తెలుసుకున్నది మీకు కూడా చెప్తాను.

ఘాటు మీద ఏం జరిగింది

మాది వి.మాడుగుల మండలంలో కొండ మీద చిన్న ఊరు. మేము కొండదొరలము. ఊరి నుండి మాడుగులకి 14 కిలోమీటర్లు. బస్సు రాదు. మా అయ్య జీపే దిగాలి, ఎక్కాలి. చీపుర్లు, పనసకాయలు, అడ్డాకులు, జ్వరం వచ్చిన వాళ్ళు, అందరూ అందులోనే. మా పిన్నికి నొప్పులు వచ్చిన రాత్రి కూడా ఆ జీపులోనే తీసుకుపోయారు. మా అమ్మమ్మ కాలంలో అయితే డోలీ కట్టి మోసుకుపోయేవారట. పోయేలోపు కొందరు దారిలోనే పోయేవారట.

మా అయ్య చదువుకోలేదు. ముందు ఒక జీపుకి క్లీనరుగా ఉండేవాడు. అద్దె బండి నడిపేవాళ్ళు 8వ తరగతి పాసవ్వాలని అప్పుడు నిబంధన ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. ఆ తర్వాతే అయ్యకి లైసెన్సు వచ్చింది. అప్పు చేసి పాత జీపు కొన్నాడు. మా అక్క అనకాపల్లిలో ఇంటరు చదువుతోంది. దాని రూము అద్దె, పుస్తకాలు అన్నీ జీపు మీదే.

దసరా సెలవుల్లో ఒక సంత రోజు నేను కూడా అయ్యతో పాడేరు వెళ్ళాను. మాడుగుల దాటి గరికబంద వచ్చాక ఘాటు మొదలవుతుంది. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తంతా మలుపుల మీద ఎక్కాలి. 2023 ఆగస్టు 20న ఆ ఘాటులోనే ఒక బస్సు లోయలో పడి మనుషులు చనిపోయారు. అక్కడికి వచ్చేసరికి మా జీపులో ఎప్పుడూ అందరూ మాటలు ఆపేస్తారు.

ఆ రోజు ఒక మలుపు దగ్గర ఇంజను గట్టిగా అరిచింది. కానీ బండి ముందుకి పోలేదు. అయ్య ఇంకా తొక్కాడు. ఇంజను ఇంకా అరిచింది, బండి ఇంకా నెమ్మదయింది. ఒక వాసన వచ్చింది. మన వంటశాలలో ఉప్మా అడుగంటిన రోజు వాసన గుర్తుందా, దానికి వెంట్రుకలు కాలిన వాసన కలిపితే ఎలాగుంటుందో అలాగ.

"ఏటయిందయ్యా?" అన్నాను.

"క్లచ్చి జారిపోతంది అమ్మీ. బండి లాగట్నేదు. అందరూ దిగండి" అన్నాడు.

తొమ్మిది మందిమి దిగి, బుట్టలు నెత్తిన పెట్టుకొని నడిచాము. ఖాళీ జీపు మెల్లగా ఎక్కింది. ఆ పూట సంత డబ్బులు ఎవరూ ఇవ్వలేదు. అయ్య అడగలేదు.

క్లచ్చి అంటే ఏమిటి

క్లచ్చి ఏమిటో హాస్టల్లోనే చూడవచ్చు. రెండు స్టీలు కంచాలు తీసుకోండి. ఒకటి బోర్లించి పెట్టండి. దాని మీద తడిపి పిండిన తువ్వాలు ముక్క పరవండి. దాని మీద రెండో కంచం పెట్టండి. ఇప్పుడు పై కంచాన్ని గట్టిగా నొక్కి తిప్పండి. కింద కంచం కూడా తిరుగుతుంది. నొక్కడం మానేసి వేళ్ళతో తేలిగ్గా తిప్పండి. పైది మాత్రమే తిరుగుతుంది, కిందది కదలదు. అంతే, క్లచ్చి చేసే పని అదే.

జీపులో పై కంచం లాంటిది ఫ్లైవీలు. అది ఇంజనుతో పాటు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. కింద కంచం, దానికి అంటుకున్న తువ్వాలు కలిపితే క్లచ్చి ప్లేటు. ప్లేటు తిరిగితే గేర్‌బాక్సు తిరుగుతుంది, దాని నుండి చక్రాలు తిరుగుతాయి. మన చెయ్యి చేసిన పని ప్రెషర్ ప్లేటు చేస్తుంది. దాని స్ప్రింగు క్లచ్చి ప్లేటుని ఫ్లైవీలుకేసి అదిమిపెట్టి ఉంచుతుంది. డ్రైవరు పెడలు తొక్కితే రిలీజు బేరింగు ఆ స్ప్రింగుని నెట్టి ఒత్తిడి తీసేస్తుంది. అప్పుడు ఇంజను దారి ఇంజనుది, చక్రాల దారి చక్రాలది. ఆ సందులో గేరు మారుస్తారు.

ఎందుకు ఇంత గొడవ అంటే, ఇంజను ఆగకుండా తిరగాలి, బండేమో ఆగుతూ పోతూ ఉండాలి. ఈ రెండింటికీ మధ్య ఒకటి కలుపుతూ విడదీస్తూ ఉండాలి. ఎనిమిదో తరగతిలో మనం ఘర్షణ పాఠం చదివాము. ఘర్షణ వల్ల వస్తువులు అరుగుతాయని, వేడి పుడుతుందని, కానీ ఘర్షణ లేకపోతే నడవలేమని రాసుకున్నాము. క్లచ్చిలో ఆ మూడూ ఒకే చోట ఉన్నాయి.

ఎలా అరుగుతుంది

ప్లేటు పూర్తిగా అతుక్కొని ఉన్నప్పుడు అరగదు. పూర్తిగా విడిపోయినప్పుడూ అరగదు. సగం పట్టి సగం జారుతున్నప్పుడే అరుగుతుంది. దాన్ని డ్రైవర్లు హాఫ్ క్లచ్చి అంటారు. బండి కదిలించేటప్పుడు కొంచెం తప్పదు. కానీ ఎక్కుడులో బ్రేకు వెయ్యకుండా క్లచ్చితోనే బండిని ఆపి నిలబెట్టడం, నడుపుతున్నంతసేపు పెడలు మీద కాలు ఆనించి ఉంచడం, ఎక్కువమందిని ఎక్కించడం, ఈ మూడూ ప్లేటుని తినేస్తాయి. మా అయ్య మూడూ చేస్తాడు. ఇది రాస్తానని అయ్యకి చెప్పే రాస్తున్నాను.

క్లచ్చి అరిగిందని తెలిసే గుర్తులు ఇవి. ఇంజను శబ్దం పెరుగుతుంది గానీ వేగం పెరగదు. బరువుతో ఎక్కుడులో ముందు తెలుస్తుంది, చదును మీద తర్వాత తెలుస్తుంది. మాడిన వాసన వస్తుంది. పెడలు చాలా పైకి వచ్చాక గానీ బండి పట్టదు. డీజిలు ఎక్కువ తాగుతుంది.

పరీక్ష కూడా ఒకటి ఉంది. చదును నేల మీద చక్రాలకి రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, పెడలు మెల్లగా వదలాలి. ఇంజను టక్కున ఆగిపోతే క్లచ్చి పడుతోందని అర్థం. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతోందని అర్థం. ముందర ఎవరూ నిలబడకూడదు. పదేపదే చెయ్యకూడదు, ఉన్న ప్లేటు కూడా మాడిపోతుంది. ఇది పెద్దవాళ్ళ పని, మనం చెయ్యకూడదు.

మా జీపు ఇంజను ఆగలేదు.

నలుగురు నాలుగు మాటలు

కింద ఊళ్ళో ఒక మెకానిక్కు "వైరు సర్దితే సరిపోద్ది" అని 300 రూపాయలు తీసుకున్నాడు. రెండు రోజులు బాగుంది. మూడో రోజు మళ్ళీ జారింది. వైరు సర్దడం తప్పు కాదట. ముందు చెయ్యవలసిందే అదట, ఎందుకంటే పెడలుకి పైన కొంచెం వదులు లేకపోతే మంచి ప్లేటు కూడా జారుతుంది. కానీ ప్లేటే అరిగిపోతే వైరు ఎంత సర్దినా లాభం లేదు.

అమ్మ "అమ్మేయండి" అంది. అమ్మ మాటలో కూడా న్యాయం ఉంది. 2025 ఆగస్టు 15 నుండి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు బస్సుల్లో టిక్కెట్టుకి డబ్బు లేదు. మాడుగుల దాకా మా జీపులో దిగి, అక్కడ బస్సు ఎక్కేస్తున్నారు. పాడేరు సంతకి జీపులో వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. "ఎవుల్ని ఎక్కించడానికి బాగుచేయిస్తావు?" అంది అమ్మ.

మా చిన్నాన్న "ఇలాగే నడుపు, నలుగుర్ని ఎక్కించుకో" అన్నాడు.

అయ్య "పోయిన ఏడు ఇంజనుకి 22 వేలు పెట్టాను, ఇప్పుడు ఎలాగ వదిలేస్తాను?" అన్నాడు.

ఒక బ్రోకరు వచ్చి 45 వేలు ఇస్తానన్నాడు. అమ్మ "క్లచ్చి సంగతి చెప్పకు" అంది. అయ్య ఒప్పుకోలేదు. "కొన్నోడు కూడా కొండే ఎక్కాలి కదే" అన్నాడు. అమ్మ ఇంకేమీ అనలేదు.

అనకాపల్లి షెడ్డులో

అయ్యకి క్లీనరుగా ఉన్నప్పటి నుండి తెలిసిన ఒక ముసలి మేస్త్రీ అనకాపల్లిలో ఉన్నారు. బెల్లం లోడ్లు దించిన బళ్ళు కూడా ఆయన షెడ్డుకి వస్తాయి. జీపుని ఖాళీగా, నెమ్మదిగా అక్కడికి తీసుకెళ్ళాము. మనుషుల్ని ఎక్కించలేదు.

ఆయన వెంటనే స్పానర్ పట్టుకోలేదు. "గేర్‌బాక్సు దించడానికే కూలి ఎక్కువ. దించక ముందే మిగతా బండి చూద్దాం. కాళ్ళు లేనోడికి కొత్త చెప్పులు కొనకూడదు కదా" అన్నారు. ఇది నాకు బాగా నచ్చింది.

ఆయన చూసినవి వరసగా రాస్తున్నాను. ఇంజను వేడెక్కాక పొగ రంగు చూశారు. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నట్టు. రాలేదు. ఆయిలు పోసే మూత తీసి గాలి తన్నుతోందా అని చూశారు. ఎక్కువ తన్నితే లోపల రింగులు అరిగినట్టు. కొద్దిగానే ఉంది. ప్రతి గేరులో శబ్దం విన్నారు. కింద పడుకొని చాసిస్ మీద చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోయారు. గట్టి ఇనుము టంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్బుమంటుంది. కాళ్ళ కింద రేకు తుప్పు పట్టింది గానీ చాసిస్ బాగుంది. వెనక బ్రేకులు మాత్రం అరిగిపోయాయి.

తర్వాత నన్ను "పాపా, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అని అడిగారు. మీటరు 3,12,000 దగ్గర ఎప్పుడో ఆగిపోయింది. నేను నోటు పుస్తకం తీశాను. రోజుకి రెండుసార్లు దిగి ఎక్కితే 56 కిలోమీటర్లు. నెలకి 22 రోజులు అనుకుంటే 1,232. ఏడాదికి 14,784. పోయినసారి క్లచ్చి మార్చింది నేను ఐదో తరగతిలో ఉండగా, అంటే నాలుగేళ్ళు. 59,136 కిలోమీటర్లు. సంతలు కూడా కలిపితే 65 వేల దాకా ఉంటుంది. మేస్త్రీ గారు "చదును మీద ఇంకా ఎక్కువ వచ్చును. కొండ మీద, ఇంత బరువుతో, ఇది తక్కువేం కాదు" అన్నారు.

అప్పుడు చిన్నాన్న చెప్పిన దారి గురించి అడిగాను. ఇలాగే నడిపితే ఏమవుతుంది? ఆయన చెప్పింది విని నాకు భయం వేసింది. ఎక్కేటప్పుడు లాగకపోతే బండి వెనక్కి జారుతుంది, అది అందరికీ తెలుసు. కానీ దిగేటప్పుడు కూడా ప్రమాదమే. ఘాటు దిగేటప్పుడు రెండో గేరులో వస్తారు. అప్పుడు ఇంజనే చక్రాలని పట్టి ఆపుతూ ఉంటుంది. ఆ పట్టు క్లచ్చి ద్వారానే రావాలి. క్లచ్చి జారితే ఇంజను పట్టు తగ్గిపోతుంది. బరువంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. మా వెనక బ్రేకులు అప్పటికే అరిగి ఉన్నాయి.

అందుకని ఆ దారి కొట్టేశాము. మిగిలినవి రెండే: బాగుచేయించడం, లేదా ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేసి వేరే బండి కొనడం.

లెక్క

షెడ్డు బయట బల్ల మీద కూర్చొని లెక్క నేనే రాశాను. అయ్య చెప్తుంటే రాయడం, రాసింది మళ్ళీ చదివి వినిపించడం.

బాగుచేయిస్తే: క్లచ్చి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి 6,800. ఫ్లైవీలు లేతు మీద చదును చేయించడానికి 600. ఇంజను వెనక ఆయిలు సీలు 350. గేరు ఆయిలు 500. కూలి 3,000. మొత్తం 11,250. వెనక బ్రేకులకి 1,400. రెండు రోజులు బండి ఆగితే పోయే సంపాదన 1,100. అన్నీ కలిపి 13,750 రూపాయలు.

ప్లేటు ఒక్కటే మారిస్తే తక్కువ అవుతుంది కదా అని అయ్య అడిగాడు. మేస్త్రీ గారు, బేరింగు పోతే మళ్ళీ గేర్‌బాక్సు దించాలి, మళ్ళీ 3,000 కూలి అన్నారు. అంటే చిన్న సామానుకి మిగిల్చిన డబ్బు కూలికి పోతుంది.

అమ్మేస్తే: 45 వేలు వస్తాయి. కొంచెం కొత్త బండి 3 లక్షలు చెప్తున్నారు. 2,55,000 ఫైనాన్సు తీసుకుంటే నెలకి 8,000 చొప్పున నాలుగేళ్ళు కట్టాలి. 48 నెలలకి 3,84,000. అందులో 1,29,000 వడ్డీయే.

సంపాదన: పాడేరు సంత సొమ్ము నేను కలపలేదు, అమ్మ చెప్పినట్టు అది పోయిందనే అనుకున్నాను. ఊరికీ మాడుగులకీ మధ్య తిరిగితేనే డీజిలు పోగా రోజుకి 550 వస్తోంది. 22 రోజులకి 12,100. ఆ కొండ దారికి బస్సు రాదు కాబట్టి ఆ సొమ్ము తగ్గలేదు.

అంటే బాగుచేయించే ఖర్చు కొత్త బండి రెండు వాయిదాల కంటే తక్కువ. బాగుచేసిన జీపు ఒక్క ఏడాది నడిచినా మాకు లాభమే. 8,000 వాయిదా కడితే నెలకి 4,100 మిగులుతుంది. అక్క రూము అద్దె, ఇల్లు దాంతో జరగదు.

ఇక్కడ రెండు తప్పు లెక్కలు ఉన్నాయి. మేము రెండూ చేశాము, మీరు చెయ్యకండి.

మొదటిది అయ్య లెక్క. పోయిన ఏడు పెట్టిన 22 వేలు. అమ్మినా అది తిరిగి రాదు, ఉంచినా రాదు. సమీకరణంలో రెండు వైపులా ఒకే సంఖ్య ఉంటే మనం కొట్టేస్తాము కదా, అలాగ దాన్ని కొట్టేయాలి. ఇది చెప్తే అయ్య కాసేపు ఊరుకొని "ఆ డబ్బు నాది కదే, నీ పుస్తకంలోది కాదు" అన్నాడు. నాకు బాధేసింది. కానీ కొట్టేశాను.

రెండోది బ్రోకరు లెక్క. "45 వేల బండికి 14 వేలు పెడతావా?" అన్నాడు. బండిని అమ్మితే ఎంత వస్తుందో అది ఒక్కటే చూడకూడదు. అది రేపు ఎంత తెస్తుందో, దాని బదులు ఇంకోటి తేవాలంటే ఎంత కావాలో కూడా చూడాలి.

మాకు అనుకూలంగా లేని లెక్క కూడా రాశాను. 8 ఏళ్ళు దాటిన అద్దె బండికి ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ చేయించాలి. ఇన్సూరెన్సు కట్టాలి. ఇంకేదైనా పోవచ్చు. మేస్త్రీ గారు "ఇంజను బాగుంది అని చెప్తాను. ఇన్నేళ్ళు నడుస్తుందని మాటివ్వలేను" అన్నారు. అందుకని ఒక గీత గీసుకున్నాము. ఇకపై ఒకేసారి 25 వేలు దాటే పని వస్తే, అంటే ఇంజనో గేర్‌బాక్సో పోతే, ఇక పెట్టకూడదు. అమ్మేయాలి. ఆ రోజు చేతిలో ఏమైనా ఉండాలి కాబట్టి నెలకి 2,000 పోస్టాఫీసులో వెయ్యాలి. ఈ షరతు అమ్మ పెట్టింది. అందరికంటే మంచి మాట అదే అని నాకు అనిపించింది.

గేర్‌బాక్సు దించాక

మర్నాడు గేర్‌బాక్సు దించారు. కుర్రాడు గాలి పైపు తెచ్చి దుమ్ము ఊదబోతే మేస్త్రీ గారు కేకలేశారు. పూర్వం క్లచ్చి, బ్రేకు సామానుల్లో ఆస్‌బెస్టాస్ నార కలిపేవారు. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, కాన్సరు కూడా వస్తుంది. పాత ప్లేటులో ఏముందో కంటితో చూసి చెప్పలేము. అందుకని తడి గుడ్డతో తుడిపించారు.

ప్లేటు నా చేతికి ఇచ్చారు. రివెట్ల తలలు పైకి వచ్చేశాయి. ఇంకొన్నాళ్ళు అయితే అవి ఫ్లైవీలుని గీసేసేవి. ఒక పక్క ఆయిలు తడి ఉంది. సీలు నుండి కారుతోంది. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేసి ఉంటే దానికీ ఆయిలు పట్టి మళ్ళీ జారేది. అందుకే, అరిగింది మార్చడమే కాదు, ఎందుకు అరిగిందో కూడా చూడాలి.

సాయంత్రం అయ్య బిల్లు నాకిచ్చి "చదువు" అన్నాడు. నేను ఒక్కొక్కటి చదివి, పుస్తకంతో సరిచూసి, "సరిపోయింది" అన్నాను. అయ్య డబ్బు ఇచ్చాడు. ఇన్నాళ్ళూ ఏ బిల్లు అయినా మడిచి జేబులో పెట్టుకునేవాడు. అందులో ఏముందో ఎవరినీ అడిగేవాడు కాదు.

మీరు గుర్తుంచుకోవలసినవి

1. జారే క్లచ్చితో మనుషుల్ని ఎక్కించి కొండ ఎక్కకూడదు, దిగకూడదు.
2. ముందు వైరు, పెడలు వదులు చూడాలి. తర్వాతే ప్లేటు.
3. గేర్‌బాక్సు దించక ముందే ఇంజను, చాసిస్, బ్రేకులు చూపించాలి. అవి పోయిన బండికి క్లచ్చి దండగ.
4. దించాక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు కలిపి మార్చాలి. ఆయిలు కారుతోందేమో చూడాలి.
5. పోయిన డబ్బు లెక్కలో రాయకూడదు. రాబోయే డబ్బు రాయాలి.
6. ఎక్కడ ఆపాలో ముందే గీత గీసుకోవాలి.
7. అమ్మితే లోపం చెప్పి అమ్మాలి.

పోయిన ఆదివారం వార్డెను మేడం గారి ఫోనుకి అయ్య చేశాడు. జీపు బాగా ఎక్కుతోందట. పోస్టాఫీసులో మొదటి 2,000 వేశారట. "కాలు ఎక్కడ పెడుతున్నావయ్యా?" అని అడిగాను. "పెడలు మీద పెట్టట్నేదులే, మీ అమ్మ పక్కన కూర్చొని చూస్తంది" అన్నాడు.

ఈ వ్యాసంలో తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి. మీ ఇంట్లో బండి ఉంటే ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు మీ నాన్న దగ్గర కూర్చొని ఒక పేజీ లెక్క రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని